ఫ్లాస్కులో పాలు కాదు, నీళ్లు పట్టుకెళ్లండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చంటిపిల్లలతో టూర్లకి వెళ్లేవాళ్లకి సలహాలంటూ మీ ప్రయాణాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. టోపీలు, దోమతెర, మందుల పెట్టె, అదనపు బట్టలు, అన్నీ బాగానే చెప్పారు. పోతపాలు, అంటే డబ్బా పాలపొడి కలిపి పట్టే పాలు, తాగే పిల్లల సంగతికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. బయల్దేరే ముందే పాలు కలిపి వెచ్చగా ఫ్లాస్కులో పోసుకుంటే దారి పొడవునా ఇబ్బంది ఉండదట. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. అది మీ వ్యాసకర్త ఒక్కరి మాటైతే ఇంత రాసేవాడిని కాదు, కానీ చాలా ఇళ్లలో నిజంగా చేసేది అదే, పెద్దవాళ్లు చెప్పేదీ అదే, ఇప్పుడు పేపర్లో కూడా వచ్చింది కాబట్టి ఇక ఎవరూ వద్దని చెప్పినా వినరు. దయచేసి సవరణ వేయండి.

మా ఇంట్లో సీసాల డ్యూటీ నాది. పాప పుట్టినప్పటి నుంచి పాలు కలిపేది, సీసాలు కడిగేది, ఊరికెళ్తుంటే సంచి సర్దేది నేనే కాబట్టి ఈ విషయంలో కొంచెం చాదస్తం వచ్చేసింది. అది ముందే చెప్పేస్తున్నా.

అసలు చిక్కు ఎక్కడుందంటే, డబ్బాకి సీలు ఉంటుంది కాబట్టి లోపలి పొడిలో ఏ క్రిమీ ఉండదని అందరూ అనుకుంటారు. పొడిపాలు క్రిమిరహితం కావు. తయారీలో ఎంత జాగ్రత్తపడ్డా పొడిని పూర్తిగా క్రిమిరహితం చేయడం కుదరదు. క్రోనోబ్యాక్టర్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, అరుదుగానే అయినా పాలపొడిలో కనిపిస్తుంది, సాల్మొనెల్లా కూడా అంతే. డబ్బా తెరిచాక మన చేతుల నుంచి, చెంచా నుంచి కూడా చేరొచ్చు. పొడి పొడిగా ఉన్నంతకాలం ఇవి పెరగవు, అలాగని చావవు కూడా. నీళ్లు తగిలి, కాస్త వెచ్చదనం దొరికిందా, ఇక పెరగడమే పని. క్రోనోబ్యాక్టర్ సోకడం చాలా తక్కువ, కానీ సోకితే మెదడు పొరల వాపు దాకా, రక్తంలో ఇన్ఫెక్షన్ దాకా వెళ్తుంది. రెండు నెలలు నిండని పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ.

ఇక ఫ్లాస్కు. పాప తాగేలా గోరువెచ్చగా కలిపి ఫ్లాస్కులో పోశాం అనుకోండి, ఫ్లాస్కు చేసే పనే ఆ వేడిని అలాగే పట్టి ఉంచడం. గోరువెచ్చని పాలని కదపకుండా గంటల తరబడి ఉంచితే ఏమవుతుందో ఎప్పుడైనా పాలు తోడుపెట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకి పండగ. మరి బాగా వేడిగా పోస్తే అంటారా, ఆ వేడి కూడా మెల్లగా దిగుతూ, సరిగ్గా మీరు పాప నోటికి అందించే సమయానికి ఈ మధ్యలోకే వస్తుంది. అంటే పాలు చల్లారడం సమస్య కాదు, వెచ్చగా ఉండిపోవడమే సమస్య. మనం పడే టెన్షనంతా చల్లారిపోతాయేమోనని.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస ఆహార వ్యవసాయ సంస్థతో కలిసి పొడిపాలు ఎలా కలపాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ప్రయాణాల గురించి కూడా ఉంది. పొడిని కొలిచి శుభ్రమైన, తడిలేని డబ్బాలో వేరుగా పట్టుకెళ్లండి, పట్టేముందు 70 డిగ్రీలకి తగ్గని వేడినీళ్లతో కలపండి, చల్లార్చి పట్టండి, అంతే. ఆ 70 డిగ్రీలు ఎందుకంటే పొడిలో ఉన్న క్రిమిని చంపేది ఆ వేడే, ముందు మరిగించి తర్వాత పూర్తిగా చల్లార్చిన నీళ్లయితే నీళ్లు శుభ్రంగా ఉంటాయి గానీ పొడిని ఏమీ చేయలేవు. థర్మామీటర్ అక్కర్లేదు, లీటరు నీళ్లు మరిగించి దించాక అరగంట లోపు వాడితే ఆ వేడి ఉంటుంది. ఇప్పుడు ఫ్లాస్కు పనికొస్తుంది. అప్పుడే మరిగిన నీళ్లు అంచుదాకా నింపి మూత గట్టిగా బిగిస్తే మంచి ఫ్లాస్కులో కొన్ని గంటలపాటు 70కి పైనే ఉంటాయి. సగం నింపితే త్వరగా దిగిపోతుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి. ఆ ఫ్లాస్కు పాప నీళ్లకే కేటాయించండి, మధ్యలో మీ కాఫీకి వాడొద్దు.

కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లతో కలపండి అని ఉంటుంది, ఈ 70 డిగ్రీలు ఎక్కడ్నుంచి తెచ్చావు అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే, అన్ని దేశాలూ ఒకే మాట చెప్పవు. అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ వేడినీళ్ల జాగ్రత్తని ముఖ్యంగా రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకి చెప్తుంది. మీ పాప వయసుకి ఏది సరిపోతుందో పిల్లల డాక్టర్ని బయల్దేరే ముందే అడిగేయండి. కానీ చూడండి, నీళ్ల వేడి దగ్గర తేడా ఉన్నా, కలిపిన పాలని దాచిపెట్టే విషయంలో అందరి మాటా దాదాపు ఒకటే. కలిపాక రెండు గంటల్లోపు తాగించేయాలి. పాప ఒకసారి నోరు పెట్టాక గంట లోపే, మిగిలింది పారబోయాల్సిందే, ఎందుకంటే ఉమ్మి సీసాలోకి వెళ్తుంది, దాంతోపాటు నోట్లోని క్రిములూ వెళ్తాయి. ముందే కలుపుకోక తప్పదంటే వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు మించకుండా పెట్టాలి, 24 గంటల్లో వాడేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసి ఐస్ ప్యాకులున్న సంచిలో పెట్టుకెళ్లినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క రెండు గంటలే, ఆ సంచులు ఫ్రిజ్ అంత చల్లగా ఉంచలేవు.

పారబోయడం అంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. పాలపొడి ఖరీదు అలాంటిది. సగం తాగి నిద్రపోతే, మళ్లీ లేచాక పడదాంలే అని సంచిలో దోపేస్తాం. అందుకే ప్రయాణంలో సీసా నిండా కలపకండి. తక్కువ కలిపి, ఇంకా కావాలని ఏడిస్తే మళ్లీ కొంచెం కలపడం మేలు. కాస్త ఎక్కువ పనే, కానీ పారబోసేది తగ్గుతుంది.

పొడి డబ్బాల సంగతి. ఒక్కో పూటకి కావాల్సిన పొడిని విడివిడి గళ్లున్న చిన్న డబ్బాల్లో ఇంట్లోనే కొలిచి పెట్టుకుంటే కదిలే బండిలో చెంచాలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది. ఆ డబ్బాలు కడిగాక పూర్తిగా ఆరాలి, తడి ఉంటే ఇంత శ్రమా వృథా. కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత పొడి. చెంచా అంచుకి సమంగా చదును చేయాలి, నొక్కి నింపకూడదు. ఇంకో మాట, ఒక కంపెనీ చెంచా ఇంకో కంపెనీ పొడికి వాడకండి. కొన్నింట్లో చెంచాకి 30 మిల్లీలీటర్ల నీళ్లు, కొన్నింట్లో 60. డబ్బా మారిందీ చెంచా మారలేదూ అంటే పాలు సగానికి సగం పలచబడొచ్చు, లేదా రెట్టింపు చిక్కబడొచ్చు. అమ్మమ్మ ఒకసారి, బాబాయి ఒకసారి కలిపే ఫ్యామిలీ టూర్లలో ఇది తేలిగ్గా జరిగే పొరపాటు. పలచబడితే పాపకి తిండి తగ్గడమే కాదు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే పరిస్థితి కూడా రావొచ్చు. చిక్కబడితే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. ఎండగా ఉంది కదా కాస్త నీళ్లెక్కువ పోద్దాం అని సరదాగా అనేవాళ్లుంటారు, పక్కన ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. ఎండలో పిల్లలకి కొంచెం తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టొచ్చు, పాలు మాత్రం పలచన చేయకూడదు.

ఎంత పొడి పట్టుకెళ్లాలన్నది బయల్దేరే ముందు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క. కిలో బరువుకి రోజుకి సుమారు 150 మిల్లీలీటర్లు అనుకుంటే ఆరు కిలోల పాపకి 900. చెంచాకి 30 మిల్లీలీటర్ల రకమైతే 30 చెంచాలు, చెంచాకి నాలుగున్నర గ్రాములనుకుంటే 135 గ్రాములు. అంటే 400 గ్రాముల డబ్బా మూడు రోజులకి కూడా బొటాబొటిగా. మీ డబ్బా మీద చెంచా బరువు రాసి ఉంటుంది, ఆ లెక్కతో వేసుకుని, ప్రయాణం ఆలస్యమైతే అని ఒకటి రెండు రోజులది అదనంగా కలుపుకోండి. వెళ్లిన చోట అదే రకం దొరుకుతుందని నమ్మొద్దు, దొరికినా ఒంటికి పడే రకాన్ని టూర్ మధ్యలో మార్చడం ఎందుకు. పొడి అయిపోయిందని ఏడాది నిండని పిల్లకి పాలపొడి బదులు ఆవుపాలో, తియ్యటి డబ్బాపాలో పట్టేయమనే సలహా ప్రతి బోగీలోనూ ఒకరు ఇస్తారు. ఆ సలహాకి నవ్వి ఊరుకోండి, పొడి కోసం వెతకండి.

నీళ్ల గురించి ఒక భ్రమ ఉంది. సీసాలో కొన్న నీళ్లంటే శుభ్రమే కదా, నేరుగా పొడి వేసేయొచ్చు అని. ఆ నీళ్లూ క్రిమిరహితం కావు, వాటినీ మరిగించాల్సిందే. పైగా మినరల్ వాటర్ కొన్నింట్లో సోడియం, సల్ఫేట్ ఎక్కువగా ఉంటాయి. బ్రిటన్ ఆరోగ్య సేవా సంస్థ చెప్పే లెక్క లీటరుకి సోడియం 200 మిల్లీగ్రాముల లోపు, సల్ఫేట్ 250 మించకుండా. లేబుల్ మీద వెనకవైపు ఉంటుంది, తిప్పి చూడండి. కొండ ప్రాంతాలకి వెళ్తే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, మూడు వేల మీటర్ల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే. 70 కంటే ఎక్కువే కాబట్టి పొడి కలపడానికి భయం లేదు, కాకపోతే నీళ్ల శుభ్రత కోసం రెండు వేల మీటర్లు దాటాక ఒక నిమిషం బదులు మూడు నిమిషాలు సలసల మరగనివ్వాలి. హోటల్ గదిలో కెటిల్ ఉంటుంది, అందులో మన ముందు ఎవరు ఏం కాచారో తెలీదు, ఒకసారి నీళ్లు మరిగించి పారబోసి రెండోసారి కాచినవి వాడతాను నేను.

వేడినీళ్లతో కలిపాక చల్లార్చడం ఎలా అన్నదే అసలు కష్టం, పాప అప్పటికే ఊరంతా వినపడేలా ఏడుస్తుంటుంది. ఒక వెడల్పాటి మగ్గు, ఒక చన్నీళ్ల సీసా సంచిలో ఉండాలి. మూత బిగించిన పాలసీసాని చన్నీళ్ల మగ్గులో నిలబెట్టి తిప్పుతూ ఉంటే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. మగ్గులోని నీళ్లు సీసా మూతకంటే కిందే ఉండేలా చూసుకోండి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసి చూడటం మర్చిపోకండి. ఇంకో ఉపాయం, ఇది ఇంట్లోనే మొదలుపెట్టాలి: పాలు వెచ్చగానే ఉండాలన్న నియమం ఏదీ లేదు, అది మనం చేసిన అలవాటు. గది వేడికి చల్లారిన పాలు తాగడం కొన్ని రోజుల ముందు నుంచే అలవాటు చేస్తే దారిలో సగం తంటా ఉండదు. మైక్రోవేవ్‌లో మాత్రం వేడి చేయకండి, సీసా పైకి చల్లగా ఉండి లోపల ఒకచోట పాలు మరిగి ఉంటాయి, నోరు కాలుతుంది.

డబ్బు పెట్టగలిగితే, దొరికితే, కలపక్కర్లేని ద్రవరూపం పాలు ఉన్నాయి, అవి సీలు తీసేవరకు క్రిమిరహితం. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. టూరంతా కాకపోయినా రైల్లోనో విమానంలోనో గడిపే ఆ ఒక్క రోజుకి పనికొస్తాయి.

విమానం అంటే అందరికీ సెక్యూరిటీ భయం. చేతిసంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నిబంధన నుంచి చంటిపిల్లల పాలకి, నీళ్లకి చాలా దేశాల్లో మినహాయింపు ఉంది, సంచిలోంచి ముందే తీసి చూపించి చెప్తే సరిపోతుంది. అక్కడి నిబంధన ఒకసారి చూసుకోండి. పొడి, సీసాలు చేతిసంచిలోనే, లగేజీలో వేయొద్దు. లగేజీ ఇంకో ఊరికి వెళ్లిపోయిందంటే ఇక చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు చెవులు పట్టేసి పిల్లలు ఏడుస్తారు, మింగుతూ ఉంటే తగ్గుతుంది కాబట్టి కిందకి దిగడం మొదలవగానే పాలసీసా అందించండి, చక్రాలు నేల తాకేదాకా ఆగితే ఆలస్యమే. కారులో అయితే ఆపి ఒళ్లో పెట్టుకుని పట్టండి. సీటులో పడుకోబెట్టి సీసాకి దిండు ఆనించి వదిలేస్తే కుదుపుకి పొలమారొచ్చు.

సీసాలు కడగడం గురించి కూడా మీ వ్యాసంలో ఏమీ లేదు. వేడినీళ్లలో ముంచి తీస్తే అయిపోదు. ముందు బ్రష్‌తో సబ్బు పెట్టి తోమాలి, నిపుల్ లోపల ఎండిన పాల జిడ్డు ఉంటే ఎంత మరిగించినా లాభం లేదు. తర్వాత మరిగే నీళ్లలో అయిదు పది నిమిషాలు. పొయ్యి లేని చోటికి వెళ్తుంటే చన్నీళ్లలో వేసే స్టెరిలైజింగ్ బిళ్లలు దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసినంతసేపు నానబెట్టాలి. నేనైతే శుభ్రం చేసిన సీసాలు ఎక్కువే పట్టుకెళ్తాను, దారిలో కడిగే పని అంత తగ్గుతుంది. బరువు గురించి ఇంట్లో రోజూ గొడవే.

ఇంత చేసినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే చూడాల్సింది డైపర్. తడవడం తగ్గిందా, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదా, నడినెత్తిన మెత్తగా ఉండే చోటు గుంటపడిందా, మగతగా ఉందా, ఇందులో ఏది కనిపించినా టూర్ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. మూడు నెలల లోపు పిల్లకి 38 డిగ్రీల సెల్సియస్ (ఫారెన్‌హీట్‌లో 100.4) జ్వరం వచ్చినా అంతే, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

ఇంకో విషయం, కొంచెం కోపంగానే రాస్తున్నా. బయట సీసా తీయగానే పక్కసీటు వాళ్లు మొదలుపెడతారు, తల్లిపాలు లేవా, ఎందుకు లేవు, ఫలానాది తినాల్సింది అని. తల్లిపాలు మేలని తెలియనివాళ్లు ఎవరూ లేరు, ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. ఒకరికి పాలు పడవు, ఒకరు మందులు వాడుతుంటారు, ఒకరు బిడ్డని దత్తత తెచ్చుకుని ఉంటారు, ఒకరికి వేరే కారణం ఉంటుంది, అది రైల్లో కలిసినవాళ్లకి చెప్పుకునేది కాదు. ఈ మాటల భయానికే కొంతమంది తల్లులు జనం ముందు పొడి కలపడం ఇష్టంలేక ఇంటి దగ్గరే కలిపి ఫ్లాస్కులో దాచి తెచ్చుకుంటారు, తీసి గబగబా పట్టేసి సంచిలో పెట్టేస్తారు. అంటే మీరు ఊరికే అన్న మాట చివరికి ఆ పాప కడుపులోకి పోతోంది. నిజంగా సాయం చేయాలనుంటే ఆ మగ్గు కాసేపు పట్టుకోండి.

చివరగా స్టేషన్లు, ఎయిర్‌పోర్టులు, దారిపక్క హోటళ్లు నడిపేవాళ్లకి. పిల్లల గది అని బోర్డు పెడుతున్నారు, సంతోషం. లోపల కుర్చీ ఉంటుంది, తెర ఉంటుంది, గోడ మీద బొమ్మలుంటాయి. మరిగే నీళ్లు ఉండవు, సీసా కడిగే సింకు ఉండదు, కెటిల్ పెట్టుకుందామంటే ప్లగ్ ఉండదు. సీసా కడగాలంటే మళ్లీ టాయిలెట్ పక్కన చేతులు కడిగే కుళాయి దగ్గరికే వెళ్లాలి, అంతకంటే మురికి చోటు ఇంకోటి లేదు. ఇంకా చాలాచోట్ల ఆ గది ఆడవాళ్లకి మాత్రమే. పాపని ఎత్తుకుని సంచి భుజాన వేసుకుని వెళ్లిన నన్ను తలుపు దగ్గరే ఆపేశారు, మేడమ్ ఎక్కడ అని అడిగారు. మేడమ్ టికెట్ల క్యూలో ఉంది. పాలిచ్చే తల్లులకి మరుగు కావాలి, అది కాదనను, తెర వెనక వాళ్లకి ఆ చోటు అలాగే ఉండనివ్వండి. పక్కనే ఒక సింకు, ఒక ప్లగ్, ఒక చిన్న బల్ల పెట్టి, అక్కడికి నాన్నలనీ తాతయ్యలనీ రానివ్వండి. మీ పత్రిక ఈ సంగతి కూడా సవరణతో పాటు వేస్తే, మమ్మల్ని తలుపు దగ్గర ఆపేవాళ్లకి కనీసం ఆ ముక్క కత్తిరించి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు